తోకూపులమ్మ వచ్చిందా?

డిసెంబరులో పొద్దున్నే ఆరున్నరకి మా మేడమీదికి వెళ్తే మొదట చెవిని పడేది రైలు కూత. కుప్పం, బంగారుపేట వైపు నుంచి వచ్చే బళ్ళు బెంగళూరు వైట్‌ఫీల్డ్ స్టేషన్లో ఆగుతాయి. పేరు వైట్‌ఫీల్డే గానీ స్టేషను ఉన్నది మా కాడుగోడిలో. బండి దిగి పనులకు పరుగులు తీసేవాళ్ళ తెలుగు మాటలు మా సందు చివరిదాకా వినిపిస్తాయి. ఆ కాస్త సందడీ అణిగాక, నీళ్ళ ట్యాంకు కింద తడిసిన గచ్చు మీద నుంచి సన్నగా ఒక కూత. చిజిట్, చిజిట్.

కింద గదిలోంచి మా అమ్మ అడుగుతుంది. "ఏమే, తోకూపులమ్మ వచ్చిందా?"

అమ్మకి ఎనభై రెండేళ్ళు. మోకాళ్ళు మాట వినక మెట్లెక్కడం మానేసింది. కానీ మేడమీద ఏ పిట్ట వాలిందో, ఏది రాలేదో లెక్కంతా ఆవిడకి కావాలి. తోకూపులమ్మ అన్న పేరు ఆవిడ పెట్టిందే. పుస్తకాల్లో దాన్ని గ్రే వాగ్‌టెయిల్ అంటారు. వీపు బూడిదరంగు, పొట్ట నిమ్మపండు పసుపు, ఒంటికి మించిన తోక. ఆ తోక ఒక్క క్షణం కుదురుగా ఉండదు. నడిచినా ఆగినా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. హిమాలయాల్లో రాళ్ళ మధ్య పారే సెలయేళ్ళ పక్కన గూడు కట్టుకునే పిట్ట ఇది. బెంగళూరుకి వచ్చే చలికాలపు చుట్టాల్లో చాలావాటికంటే ముందు, సెప్టెంబరులోనే దిగుతుంది. సెలయేటికి అలవాటుపడ్డ ఆ కాళ్ళు, మా ట్యాంకు పొర్లి తడిసే నాలుగడుగుల గచ్చుతో ఎలా సరిపెట్టుకున్నాయో అని నాకు ప్రతి ఏడూ కొత్తగానే ఉంటుంది.

ఈ చలికాలపు పిట్టల గురించి, ఇంటి దగ్గర వాటికి మనం పెట్టే తిండి గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

మాది కోనసీమ. వరి కోతల రోజుల్లో మా నాన్న మంచి కంకులు ఏరి విడిగా కోసేవారు. అదీ తెల్లవారుజామున, మంచు తడి ఆరకముందే. ఎండెక్కితే గడ్డి పెళుసెక్కి అల్లిక విరిగిపోతుందని. వాటిని జడలా అల్లి, గింజలు కిందికి వేలాడేట్టు కుచ్చు కట్టి, వీధరుగు మీద దూలానికి తగిలించేవారు. అది పిచ్చుకల వాటా. గుళ్ళో కట్టేవాళ్ళూ ఉండేవారు. కనుమ నాటికి మా వీధిలో ఏ చూరు చూసినా ఒక కుచ్చు ఊగుతుండేది. పిచ్చుకలు తలకిందులుగా వేలాడి గింజ ఒలుచుకుంటుంటే, కింద చదువుకునే మా పుస్తకాల మీద ఊక రాలేది. ఆ ఊక ఊదేసుకుంటూ ఎక్కాలు అప్పజెప్పిన చిన్నతనం నాది.

కాడుగోడికి వచ్చిన మొదటి సంక్రాంతికి అమ్మ పట్టుబట్టి ఊరినుంచి ఒక కుచ్చు తెప్పించింది. మేడమీద బట్టల తీగకి కట్టించింది. అప్పట్లో తనే మెట్లెక్కేది. రెండు రోజుల్లో ఉడతలు సగం కొరికి పడేశాయి. మిగతా సగం పావురాలు ఊడ్చుకుపోయాయి. ఒక్క పిచ్చుక రాలేదు. అమ్మ ముఖం చూడలేకపోయాను. పక్కింటి కన్నడం ఆవిడ మా బాధ విని, "గుబ్బచ్చి కావాలంటే పాత ఊళ్ళోకి వెళ్ళండి, కిరాణా కొట్ల దగ్గర ఉంటాయి" అంది. గుబ్బచ్చి అంటే కన్నడంలో పిచ్చుక. ఆ సాయంత్రమే వెళ్ళాం. బియ్యం బస్తాల ముందు, మూసిన షట్టరు పైన ఉండే సందులో, పది పన్నెండు పిచ్చుకలు! అమ్మ ఆ కొట్టు ముందు నిలబడి ఎంతసేపటికీ కదల్లేదు.

పిచ్చుకలు అంతరించిపోతున్నాయని మనం తరచూ వింటాం. కాస్త సరిచేసుకోవాల్సిన మాట అది. మన దేశపు పక్షుల స్థితిగతుల మీద 2020లో ఒక పెద్ద నివేదిక వచ్చింది. పిట్టల్ని చూసేవాళ్ళు వేలమంది ఏళ్ళ తరబడి రాసిపెట్టిన లెక్కల్ని ఒక్కచోట చేర్చి తయారుచేసింది. దేశం మొత్తం మీద చూస్తే గత పాతికేళ్ళలో పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉందనీ, ఆరు పెద్ద నగరాల్లో మాత్రం తగ్గుతూ వస్తోందనీ అది చెప్పింది. ఆ ఆరింటిలో బెంగళూరూ ఉంది, హైదరాబాదూ ఉంది. పల్లెలో ఉన్న పిచ్చుక మనతోపాటు పట్నానికి రాలేకపోయిందన్నమాట. పెంకుల కింద సందు లేదు, గోడకి కన్నం లేదు. అంతకంటే పెద్ద కష్టం మరోటి ఉంది. గింజలు తినే పిట్టే అయినా పిచ్చుక తన పిల్లలకి మొదటి రోజుల్లో పెట్టేది గింజ కాదు, పురుగు. పురుగే లేని పెరట్లో ఎన్ని కుచ్చులు కడితే మాత్రం ఏం లాభం?

ఈ సంగతి నాకు వెంటనే తలకెక్కలేదు. కుచ్చు పోతే పోయిందని మట్టి మూకుడు పెట్టాను. కొర్రలు, నూకలు, ఒకపక్క అరటిపండు ముక్క. వచ్చేవాళ్ళు వచ్చారు. ముందు కాకి, ఆ వెనక గోరింకల జంట, మెడ మీద ముత్యాలు చల్లినట్టుండే చుక్కల గువ్వ. కొన్నాళ్ళకి రొమ్ము మీద పొలుసుల్లాంటి గీతలున్న మునియాలు ఆరేడు గుంపుగా దిగడం మొదలుపెట్టాయి. అరటిపండు కోసం ఎర్రబుగ్గల పిగిలిపిట్ట, బుర్ర మీద నల్ల కుచ్చుతో పెళ్ళికొడుకులా వచ్చేది. పండు పూర్తిగా మగ్గితే తెల్లబుగ్గల బార్బెట్ కూడా వాలేది. ఆకుపచ్చటి బొద్దు పిట్ట. కుట్రూ కుట్రూ అని వీధంతా మోగేట్టు అరిచే ఆ పిట్ట, మూకుడు దగ్గర మాత్రం నోరు మెదపదు.

మా చెల్లెలు అమెరికాలో మిషిగన్‌లో ఉంటుంది. మా మూకుడు ఫొటో పంపిస్తే అది తన పెరట్లో వేలాడదీసిన గింజల గొట్టం ఫొటో పంపింది. చుట్టూ మోకాలి లోతు మంచు. గొట్టాన్ని పట్టుకుని నల్లటోపీ పెట్టుకున్నట్టున్న చిన్న పిట్ట, చికడీ. దాని బరువు పదకొండు గ్రాములో పన్నెండు గ్రాములో. అంత చలిలో ఆ పిట్ట రాత్రి గడపడం నిజంగా ఒక గండం. పగలు తిని కూడబెట్టుకున్న కొవ్వు తెల్లారేసరికి కరిగిపోతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి రాత్రిపూట తన ఒంటి వేడినే పదీ పన్నెండు డిగ్రీలు దించుకుంటుంది. అక్కడి విస్కాన్సిన్ రాష్ట్రంలో 1980ల్లో ఈ పిట్టల మీద ఒక పరిశోధన జరిగింది. మనుషులు గింజలు పెట్టిన అడవుల్లో నూటికి 69 పిట్టలు చలికాలం దాటాయి. పెట్టనిచోట 37 మాత్రమే దాటాయి. అంటే మా చెల్లెలు వేలాడదీసిన గొట్టం కొన్ని ప్రాణాల్ని నిలబెడుతోంది. మేం సెలవులకి వెళ్తే వీటి గతేమిటని అది బెంగపడేది. ఆ పరిశోధకులే ఆ సంగతీ చూశారు. ఏళ్ళ తరబడి గింజలు పెట్టి ఒక్కసారిగా మానేసినా, అలవాటుపడ్డ పిట్టలు అలవాటు లేనివాటితో సమానంగానే బతికాయి. తమ తిండి వెతుక్కోవడం అవి మర్చిపోలేదు.

మరి మా మూకుడు ఎవరి ప్రాణం నిలబెడుతోంది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది. మనకిది చలే. మంకీ క్యాపులు, స్వెట్టర్లు బయటికి వస్తాయి. ఈ ఊళ్ళో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. ఇప్పుడు మామూలుగా పదిహేను, పదహారు. మంచు కురవదు, చెరువు గడ్డకట్టదు, చెట్లు మోడవ్వవు. పైగా ఇక్కడ చలికాలమే పూలకాలం. గులాబిరంగు టబుబియాలు విరగబూసేది ఇప్పుడే. తేనెపిట్టలకి పండగే పండగ. కాబట్టి మా కొర్రలు లేకపోతే చచ్చిపోయే పిట్ట కాడుగోడిలో ఒక్కటీ లేదు. ఒప్పుకోవడానికి మనసు కాస్త చివుక్కుమన్నా ఇది నిజం.

ఇంకో నిజం దానికంటే ఆలస్యంగా తెలిసింది. హిమాలయాలు దాటి, ఎక్కడెక్కడి నుంచో మన దగ్గరికి చలికాలం గడపడానికి వచ్చిన చుట్టాలున్నారు చూడండి, మా ఇంటి చుట్టుపక్కల తిరిగేవాటిలో ఒక్కటి కూడా మా మూకుడు ముట్టలేదు. తోకూపులమ్మ దాని పక్కనుంచే నడిచి వెళ్ళి, తడి గచ్చు మీద దోమల్ని, బురద పురుగుల్ని ఏరుకు తినేది.

అప్పుడు నేను మూకుడు మీదనుంచి కళ్ళెత్తి పక్కకి చూశాను. మా ఇంటి ఉత్తరాన ఒక ఖాళీ సైటు ఉంది. ముప్ఫై బై నలభై. ఆముదం మొక్కలు, లాంటానా పొద, ఎవరో పారబోసిన ఇటుక ముక్కలు, గోడవారగా ఒక గసగసె చెట్టు. ఇక్కడ అందరూ ఆ పేరే అంటారు. చెర్రీపండంత ఎర్రటి కాయలో గసగసాల్లాంటి గింజలుంటాయి. మన దేశపు చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. కానీ ఏడాది పొడుగునా పూత, కాత. దాని పళ్ళకోసం వచ్చే ఫ్లవర్‌పెకర్ అనే పిట్ట నా బొటనవేలంత కూడా ఉండదు. మన దేశంలోని అతి చిన్న పిట్టల్లో అదొకటి. ఆ సైటుని నేను అంతవరకూ చెత్త అనుకున్నాను. శుభ్రం చేయించమని ఓనరు గారికి రెండుసార్లు ఫోను కూడా చేశాను. ఆయన పట్టించుకోకపోవడం ఎంత మేలయిందో!

అక్టోబరు వచ్చిందంటే ఆ గసగసె కొమ్మల్లో చీ-వీ, చీ-వీ అని ఒకటే పిలుపు. ఎంత వెతికినా ఆకులే కనిపిస్తాయి. చూడగా చూడగా ఒక ఆకు కదిలి పక్క కొమ్మ మీదికి గెంతుతుంది. అదే గ్రీనిష్ వార్బ్లర్, ఆకురంగు పిట్ట. బరువు ఎనిమిది గ్రాములకి అటూ ఇటూ. మన రెండు రూపాయి నాణేలు ఒక అరచేతిలో పెట్టుకుంటే అంత. ఆ బరువుతో ఉత్తరాది కొండల నుంచి ఇక్కడికి ఎగిరి వస్తుంది. వచ్చాక తనకంటూ ఒక చెట్టో రెండు చెట్లో ఏర్పరచుకుని ఆర్నెల్లూ అక్కడే కాపురం. మరో ఆకురంగు పిట్ట వస్తే తరిమేస్తుంది. చీ-వీ అన్న ఆ పిలుపు "ఈ చెట్టు నాది" అన్న చాటింపు. కాళ్ళకి సన్నటి ఉంగరాలు తొడిగి గమనించినవాళ్ళు ఇంకో సంగతి తేల్చారు. మరుసటేడు బతికి వస్తే, అదే పిట్ట అదే చోటుకి వస్తుంది. ఆ మాట చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. అంటే ఈ గోడవార చెట్టు దానికి గుర్తుంది! వేల కిలోమీటర్ల దారికి చివర ఉన్న గుమ్మం ఇదే.

లాంటానా పొదలో చక్, చక్ అని నాలుక చప్పరించినట్టు వినిపించేది మరొకటి, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టిరంగు పిట్ట, చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేదు. దాని గూళ్ళు ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా ఉంటాయి. చలికాలానికి మాత్రం దాదాపు ఆ జాతి మొత్తం మన ఉపఖండానికే వస్తుంది. మన పొదలు కొట్టేస్తే యూరప్‌లో ఒక వసంతం మూగబోతుందని అమ్మకి వివరించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే అది పుట్టింటికొచ్చే ఆడపిల్లలాంటిదన్నమాట" అంది. నాకు అంతకంటే బాగా చెప్పడం చేతకాదు.

ఒక్క జనవరిలో, వారం రోజులపాటు, తోక పిగిలిపిట్ట కూడా ఆ సైటులో తిరిగింది. పొడవాటి తోకున్న మగది కాదు, ఇటుకరంగు ఆడది. ఆ వారం మా ఇంట్లో ఏ పనీ టైముకి జరగలేదు.

మరి మూకుడు తీసేశానా? లేదు. మూకుడే లేకపోతే నేను మేడమీద నిలబడేదాన్నే కాదు, ఆ సైటువైపు చూసేదాన్నే కాదు. గింజలు పిట్టల కోసం అనుకున్నాను, కళ్ళు తెరిపించింది నాకు. కాకపోతే ఇప్పుడు గింజలు పిడికెడే. నీళ్ళు ఎక్కువ. వెడల్పాటి మట్టి పాత్ర, నీళ్ళు రెండంగుళాల లోతు మించకూడదు. గరుకుగా ఉండాలి, నున్నటి స్టీలు పళ్ళెంలో కాలు జారుతుంది. మధ్యలో ఒక రాయి పెడితే చిన్నవి దానిమీద వాలి తాగుతాయి. జనవరి దాటితే బెంగళూరులో గాలి పొడిబారిపోతుంది. అప్పుడు ఈ నీళ్ళకి గింజల్ని ముట్టనివి కూడా వస్తాయి. ఆకురంగు పిట్ట స్నానం చేయడం నేను చూసింది ఆ పాత్రలోనే.

రోజూ కడగాలి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒకే పాత్రలో పది పిట్టలు మూతిపెడితే ఒకదాని జబ్బు పదింటికీ అంటుతుంది. బ్రిటన్‌లో ఇంటింటా పిట్టలకి గింజలు పెడతారు. అక్కడ 2005 ప్రాంతంలో ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి వల్ల వచ్చే గొంతు జబ్బు గ్రీన్‌ఫించ్ అనే పచ్చపిట్టలకి సోకింది. ఒకప్పుడు ప్రతి తోటలో కనిపించిన పిట్ట ఇప్పుడు అక్కడ ఆపదలో ఉన్న జాతుల పట్టికలోకి ఎక్కింది. ప్రేమతో పెట్టిన పళ్ళెమే దానికి జబ్బు మోసుకొచ్చింది. ఉప్పు వేసిన అన్నం, మిక్చరు, బిస్కెట్లు పెట్టకండి. పావురాలు గుంపులుగా దిగడం మొదలుపెడితే ఒక వారం గింజలు ఆపేయండి. పావురాల రెట్టల పొడి ఊపిరితిత్తుల్లో చేరి మనుషులకు చేసే హాని తక్కువది కాదు. ముంబైలో 2025లో పావురాలకు గింజలు వేసే చోట్లను మూయించింది అందుకే. అక్కడ దానిమీద ఎంత గొడవ జరిగిందో మీరు వినే ఉంటారు. గింజలు వేసేవాళ్ళ మనసు నాకు తెలుసు. కానీ గంపల కొద్దీ గింజ ఒకే జాతిని పెంచుతుంది, చిన్నవాటిని తరిమేస్తుంది. మా మేడమీద కళ్ళారా చూశాను.

మా ఊరి పేరులో కాడు ఉంది. కన్నడంలో కాడంటే అడవి. ఇక్కడ కాడుగోడి ప్లాంటేషన్ అనే భూమిని 1896లోనే అడవిగా నోటిఫై చేశారు, 711 ఎకరాలు. దాదాపు నూట ముప్ఫై ఏళ్ళలో అది ముక్కలు చెక్కలైంది. 2025 జూన్‌లో అటవీశాఖ అందులో 120 ఎకరాలు తిరిగి స్వాధీనం చేసుకుంది. ఆ నేల తాము తరతరాలుగా దున్నుకున్నదని చెప్పే కుటుంబాలున్నాయి. వాళ్ళ గోడూ వినవలసిందే. మెట్రో ఎక్కితే మా స్టేషనుకి ఇవతల 'కాడుగోడి ట్రీ పార్క్' అని ఒక స్టేషను వస్తుంది. 2023 మార్చిలో ఆ లైను మొదలైనప్పటినుంచి రోజూ వేలమంది ఆ పేరు వింటున్నారు. ఆ పేరు పలికిన ప్రతిసారీ నాకు ఆకురంగు పిట్ట గుర్తొస్తుంది. పార్కులో వరసగా నాటిన చెట్లకంటే దానికి మా సైటులాంటి చిక్కటి పొద, పురుగు పట్టిన ఆకు ముఖ్యం. పెరడున్నవాళ్ళు ఒక మూల అలా వదిలేయండి. రాలిన ఆకుల్ని తగలబెట్టకండి. మందు కొట్టకండి.

చూసింది రాసిపెట్టడం కూడా నేర్చుకున్నాం. కెనడాలోని అంటారియోలో 1976లో కొందరు తమ ఇంటి గింజల పళ్ళేల దగ్గర వాలిన పిట్టల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అదే పెరిగి 1987 నుంచి ఉత్తర అమెరికా అంతటా ఏటా జరిగే లెక్కింపు అయింది. మా చెల్లెలు అందులో చేరింది. మనకీ ఉంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో 2013 నుంచి మన దేశం పాలుపంచుకుంటోంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించినవన్నీ రాసి పంపితే చాలు. పేర్లు తెలియనివాళ్ళు నెల నెలా రెండో ఆదివారం పొద్దున లాల్‌బాగ్‌కి వెళ్ళండి. బెంగళూరు పక్షి ప్రేమికులు అక్కడ దశాబ్దాలుగా కలుస్తున్నారు, కొత్తవాళ్ళకి ఓపిగ్గా చూపిస్తారు.

మా ఇంట్లో ఆ లెక్క అమ్మ చేతిలో ఉంటుంది. నేను పైనుంచి కేక వేస్తాను, ఆవిడ పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో రాస్తుంది. తోకూపులమ్మ వచ్చిన రోజు అయిదేళ్ళకీ ఉంది. అయిదూ సెప్టెంబరు రెండో సగంలోనే. వెళ్ళిన రోజు మాత్రం ఎప్పుడూ రాయలేకపోయాం. వచ్చినప్పుడు కూతపెట్టి చెబుతుంది గానీ వెళ్ళేటప్పుడు చెప్పదు. రెండ్రోజులు కనపడకపోతే తెలుస్తుంది.

పోయిన నెల సైటు ఓనరు గారు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి కొలతలు వేయించారు. ఉగాది వెళ్ళాక పునాది తీస్తారట. ఆయన స్థలం, ఆయన ఇల్లు కట్టుకుంటారు. కాదనడానికి మనమెవరం? అయినా వెళ్ళి అడిగాను. పొద పోతే పోయింది, గోడవారనున్న ఆ గసగసె చెట్టొక్కటీ ఉంచండి బాబూ, అక్టోబరులో దానికోసం ఒక పిట్ట వస్తుంది అని. ఆయన నవ్వలేదు. చెట్టువైపు ఒకసారి చూసి, "మూడున్నర అడుగులు సెట్‌బ్యాక్ వదులుతున్నానమ్మా. అందులో పడితే ఉంచేద్దాం" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ సొరుగులోంచి టేపు తీసిచ్చింది. "వాళ్ళూ వీళ్ళూ కొలవడం ఎందుకు, నువ్వెళ్ళి కొలిచి రావే" అంది.

కొలిచాను. గోడ నుంచి చెట్టు మొదలు అవతలి అంచుదాకా రెండడుగుల పది అంగుళాలు.